ముందు ముద్ద

ఆ ఏడు చలికాలం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: బరంపురం పెద్ద బజారులో మా నాన్న పెట్టిన బెల్లం గొడౌను, అందులో సగం భాగస్థుడైన తమ్ముడు లోకనాథ్, ఊళ్ళోనే అంకులి పేటలో ఒక మేడ, కటక్‌లో చదువుకుంటున్న కూతురు సౌందర్య, పెళ్ళైన నాటి నుంచి రెండు పూటలా నాకు వండి పెడుతున్న భార్య ఉమాదేవి. వీటితో పాటు నా నాలుక.

నాలుకను ఆస్తుల్లో ఎందుకు కలిపానో బెల్లం వ్యాపారం తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కంటికి బెల్లం అబద్ధం చెబుతుంది. బంగారంలా మెరిసే దిమ్మ వెనక రంగు తెల్లబరిచే హైడ్రోస్ పొడి ఉండవచ్చు, నల్లగా కనబడేది అసలైన సరుకు కావచ్చు. ఉప్పు నేలలో పండిన చెరకైతే మొదట తియ్యగానే ఉంటుంది, చివర్లో నాలుక అంచున చిన్న చురక తగులుతుంది. ఆ చురక నాకు అందరికంటే ముందు తెలిసేది. గొడౌను నడిచింది దానిమీదే.

అలాంటి నాలుక ఒక మధ్యాహ్నం నాకు ఎదురు తిరిగింది. బజారులో పింటు కొట్టు దగ్గర టీ తాగుతున్నాను. పింటు మా నాన్న కాలం నుంచి మాకు టీ ఇస్తున్న ఒడియా మనిషి. రెండో గుక్కలో ఏదో చేదు తగిలినట్టయింది. నాలుక మొద్దుబారింది, గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి. గ్లాసులో ఎవరో ఏదో కలిపారనిపించింది. ఎవరు, ఎందుకు అంటే జవాబు లేదు. ఆసుపత్రిలో రక్తం చూశారు, గుండె చూశారు, అన్నీ బాగున్నాయని పంపించారు. అదే గిన్నెలోని టీ తాగిన మిగతావాళ్ళు నిక్షేపంగా ఉన్నారు. లెక్క ప్రకారం విషయం అక్కడితో తేలిపోవాలి.

తేలలేదు. ముందు పింటు టీ మానేశాను. తరవాత హోటలు తిండి, ఆ తరవాత పెళ్ళి భోజనాలు, ఆఖరికి ఇంటి వంట. సరుకులో ఎవరు ఏం కలుపుతారో పాతికేళ్ళుగా చూసినవాణ్ణి కాబట్టి, దేన్ని చూసినా ఇందులో ఏం కలపవచ్చు అన్న ప్రశ్నకు నా దగ్గర పది జవాబులు ఉండేవి. చివరికి దేవుడు సీలు వేసి పంపినవి మాత్రమే తినే స్థితికి వచ్చాను. అరటిపండు, పెంకు తీయని వేరుశనగ, నేనే కొట్టుకున్న కొబ్బరికాయ. గొడౌనులో ఒక కరెంటు పొయ్యి పెట్టుకుని, నేనే కడిగిన బియ్యం నేనే వండుకునేవాణ్ణి. వండిన గిన్నె వదిలి ఫోను మాట్లాడటానికి పక్కకు వెళ్ళానా, ఆ అన్నం పారబోసి మళ్ళీ వండేవాణ్ణి.

గానుగల దగ్గరికి వెళ్ళి సరుకు రుచి చూసే పని లోకనాథ్ మీద పడింది. వాడి నోటికి బెల్లమంతా ఒకటే. ఆ సీజనులో ఉప్పు సరుకు లారీలకు లారీలు వచ్చి గొడౌనులో పడింది.

"అన్నియ్యా, నీకెవరో మందెట్టినారు. నాకు తెల్సిన మడిసి ఉన్నాడు, కక్కించేత్తాడు. ఓపాలి ఎల్దాం రా," అన్నాడు వాడు.

మా వైపు ఇది కొత్త మాట కాదు. మనిషి చిక్కిపోతే, అన్నం సయించకపోతే, తిండిలో మందు పెట్టారంటారు. ఆ మందు కక్కించేవాళ్ళు ఉంటారు. వాడితో వెళ్ళాను. ఆంధ్ర సరిహద్దు దాటాక ఒక ఊళ్ళో ఆ పెద్దమనిషి అరుగు మీద మాలాంటివాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరికీ ఏదో ఆకు పసరు తాగించాడు. ఒక్కొక్కరూ పళ్ళెంలో వాంతి చేసుకున్నారు. ఒక్కొక్కరి పళ్ళెంలోంచి అతను వెంట్రుక చుట్టుకున్న నల్లటి ముద్ద తీసి చూపించాడు. అందరి ముద్దా ఒకటే పరిమాణం, ఒకటే రంగు. ఇదంతా ఒకే బస్తాలోని సరుకని ఏ వర్తకుడికైనా తెలియాలి. నాకూ తెలిసింది. అయినా నమ్మాను. భయం పట్టినవాడికి ఈ రెండూ ఒకేసారి వీలవుతాయి.

నా ముద్దను వేలితో తిప్పి చూసి, "ఇది బయట సెయ్యి కాదు బాబూ. ఇంటి ఆడమడిసి సెయ్యి," అన్నాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. లోకనాథ్‌కి మాత్రం నోరు ఆగదు. ఇంటికి రాగానే నవ్వులాటగా అనేశాడు: "ఒదినా, నువ్వే ఎట్టినావంట సూడు! ఏటి కలిపినావేటి?"

ఉమాదేవి నవ్వలేదు. నా మొహంలోకి చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. అదే ఆమెకు జవాబయింది.

మర్నాటి నుంచి ఆమె కొత్త పద్ధతి మొదలుపెట్టింది. మా ఇళ్ళల్లో మగవాళ్ళు తిన్నాకే ఆడవాళ్ళు తినడం అలవాటు. ఆమె నా ముందు కంచం పెట్టి, నా కంచంలోంచే అన్నం కలిపి, పప్పు, కూర, పచ్చడి అన్నీ ఒక్కో ముద్ద తను ముందు తినేది. మంచినీళ్ళు కూడా తన నోట్లో ఒక గుక్క పోసుకుని ఇచ్చేది. కాసేపు ఆగి, "నాకేటీ అవలేదు గదా. తినండి," అనేది.

కొన్నాళ్ళు తిన్నాను. మళ్ళీ నా లోపలి వర్తకుడు లేచాడు. వెంటనే పనిచేయని మందులు కూడా ఉంటాయి కదా అన్నాడు. ఆమె తిన్న వైపు కాక అవతలి వైపు ఉంటే అన్నాడు. నేను కంచం తిప్పి, ఈ వైపు కూడా తినమని అడిగాను. ఒక పూట ఆమెకు జ్వరం. అయినా లేపి తినిపించాను. ఆమె రుచి చూసిన కొద్దీ నా భయం తగ్గకపోగా ఇంకొంచెం రుచి చూడమని అడిగేది.

జ్వరం తగ్గాక ఉమాదేవి సంచి సర్దుకుంది. ఆమె అన్న బాబూరావుది ఖల్లికోట. స్టేషనుకి ఆటో పిలిపించుకుని గుమ్మంలో నిలబడి చెప్పింది:

"మా అన్నియ్య ఇంటికి ఎల్తన్నాను. కోపంతో కాదు. నా సెయ్యి ఇసం కాదని రోజూ రుజువు సేసుకుంటా నేనీ ఇంట్లో బతకలేను. నేను ముందు తినకుండా, నా సేత్తో ఎట్టింది మీరు తినగలిగిన రోజున కబురెట్టండి. వస్తాను. ఆ రోజు రాపోతే నేనూ రాను."

"సౌందర్య అడిగితే ఏటి సెప్పాలి?" అన్నాను.

"నిజం సెప్పండి. నాన్న నా అన్నం తినడం లేదని."

అప్పుడు లెక్క వేసుకున్నాను. తిండి పోయింది, ఒళ్ళు పోయింది, వ్యాపారంలో పేరు సగం పోయింది. అవన్నీ తట్టుకున్నాను. ఉమాదేవి రాకపోతే మాత్రం నా చేతిలో మిగిలేది తాళం వేసిన వంటగది ఒక్కటే. పోనివ్వకూడనిది ఏదో ఆటో మలుపు తిరిగేదాకా నాకు తెలియలేదు.

సౌందర్యకు నిజమే చెప్పాను. అది ఫోనులో తిట్టలేదు. "నాన్నా, నీకు పంటి నొప్పి వస్తే పంటి డాక్టరు దగ్గరికి వెళ్తావు గదా. ఇది కూడా నొప్పే," అని ఊళ్ళో ఒక మానసిక వైద్యురాలి చిరునామా పంపింది. డాక్టరు సాయిపద్మ. మా తెలుగువాళ్ళ పిల్లే, బరంపురంలో పుట్టి పెరిగింది. ఆమె బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు ఉంది. దానికి దూరంగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. ఆమె అది చూసింది.

"అమ్మా, నా తిండిలో ఇసం లేదని మీరు రుజువు సెయ్యగలరా?" అని అడిగాను.

"చెయ్యలేనండి. ఎవరూ చెయ్యలేరు," అంది.

అబద్ధం చెప్పని మనిషితో బేరం సులువు. కుర్చీ కొంచెం ముందుకు జరిపాను.

"మీరు లారీ బెల్లం కొంటారు గదా, ప్రతి దిమ్మా విరిచి చూస్తారా?" అంది.

"అదేటమ్మా! రెండు మూడు సూస్తాను."

"చూడని దిమ్మల్లో తేడా ఉంటే?"

"ఉండొచ్చు. ఒక్కోపాలి ఉంటాది కూడాను. అలాగని అన్నీ ఇరిసీస్తే ఇంక అమ్మడానికేటి ఉంటాది, పొడి తప్ప?"

ఆమె నవ్వింది. నా మాట నాకే వినబడింది. ఇన్ని నెలలుగా నేను అన్నం దగ్గర అన్ని దిమ్మలూ విరిచి కూర్చున్నాను.

మాత్రలు రాసిచ్చింది. ఆ మాత్రలు మింగడానికే నాకు వారం పట్టింది, అది వేరే సంగతి. మాత్రలతో పాటు ఒక పద్ధతి చెప్పింది. భయం తక్కువ కలిగించే తిండితో మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. తినేముందు వాసన చూడకూడదు. ఇంకొకరి చేత రుచి చూపించకూడదు. తిన్నాక అద్దంలో నాలుక చూసుకోకూడదు, నాకేమైనా అవుతుందా అని ఎవరినీ అడగకూడదు. గుండె దడదడలాడితే ఆడనివ్వాలి. "అది పెరిగినంత పెరిగి దానంతటదే దిగుతుంది. మీరు దాన్ని దింపడానికి పరిగెత్తకండి, అంతే," అంది. ధర పడిపోతోందని అందరూ సరుకు వదిలించుకుంటుంటే కదలకుండా కూర్చోవడం లాంటిది. వ్యాపారంలో అది నాకు వచ్చు. కడుపు దగ్గర కొత్తగా నేర్చుకోవాలి.

మొదటి మెట్టు ఇంకొకరు వొలిచిన అరటిపండు.

"నాను వొలిసి పెట్టాలా? సన్నపిల్లడివేటి అన్నియ్యా?" అన్నాడు లోకనాథ్.

"వొలిసి, ఓ పాలి సేత్తో తడిమి, ఇలా ఇవ్వు."

"సెయ్యి కడుక్కోవాలా?"

"వద్దు."

వాడు నన్ను ఎగాదిగా చూసి, లుంగీకి చెయ్యి తుడుచుకుని మరీ వొలిచి ఇచ్చాడు. తిన్నాను. చెమట పట్టింది. గొడౌనులో బస్తాల మధ్య కూర్చున్నాను. దడ పెరిగింది, ఇంకా పెరిగింది, ఇక పోయాననుకున్నాను. హమాలీలు బస్తాలు దింపుతూ ఎవరి పెళ్ళి గురించో తగువులాడుకుంటున్నారు. వాళ్ళ తగువు తెగకముందే నా దడ దిగింది. అన్ని నెలల్లో మొదటిసారి అది దిగేదాకా అక్కడే కూర్చున్నాను.

తరవాత పింటు టీ. నన్ను చూసి అతను గరిటె పైకెత్తి అరిచాడు: "ఆరే సావుకారు! నా కొట్టు మీద కోపం పోయిందా? టికె చా ఇవ్వనా, నిండా ఇవ్వనా?"

"టికె ఇవ్వు పింటూ, కొంచెమే. నిండా తాగడానికి ఇంకా టైం పడతాది."

సగం తాగి, మిగతా సగం పారబోసి వచ్చాను. అది ఓటమి అనుకున్నాను. సాయిపద్మ మాత్రం సగం అమ్ముడైన లారీ నష్టం కాదు గదా అంది. ఆమెకు నా భాష వచ్చేసింది. పారబోసే భాగం మెల్లగా తగ్గింది. ఒక్కోసారి వెనక్కి జారాను కూడా. పేపర్లో ఏదో కల్తీ వార్త చదివి మళ్ళీ కొబ్బరికాయ కొట్టుకున్న రోజులున్నాయి. మర్నాడు మళ్ళీ పింటు కొట్టుకి వెళ్ళేవాణ్ణి.

మరుసటి ఏడు ఫాల్గుణంలో ఉమాదేవికి ఫోను చేశాను.

"వస్తావా?" అన్నాను.

"ఎవరు ముందు తింటారు?"

"నేనే."

"ఫోన్లో అందరూ తింటారు. ఇక్కడికి రండి, సూస్తాను."

ఖల్లికోట పొలిమేరలోనే మాకు ఏటేటా బెల్లం వేసే సూరయ్య గానుగ ఉంది. ఒకే ప్రయాణంలో రెండు పనులు అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఉమాదేవి ముందు కూర్చునే ముందు కొంచెం ధైర్యం కూడగట్టుకుందామనుకున్నాను. బాబూరావు స్టేషనుకి వచ్చి నన్ను స్కూటరు మీద ఎక్కించుకున్నాడు. గానుగ దగ్గర ఉమాదేవి కూడా ఉంది. వంటకి కొత్త బెల్లం కోసం వచ్చిందట. నన్ను చూసి పలకరించలేదు, చెరకు పిప్పి కుప్ప పక్కన నిలబడింది.

గానుగ దగ్గర ఒక మర్యాద ఉంది. పాకం దింపగానే మొదటి వేడి ముద్ద చెరకాకు మీద పెట్టి కొనేవాడి చేతికిస్తారు. అతను తిని తల ఊపేదాకా పనివాళ్ళకు గాని, చుట్టూ మూగిన పిల్లలకు గాని ఎవరూ పంచరు. కొనేవాడు తినకపోతే ఆ పెనం బెల్లం బాగోలేదని నలుగురి ముందూ చెప్పినట్టే.

సూరయ్య ఆకు పట్టుకొచ్చి నా ముందు నిలబడ్డాడు. "సావుకారూ, తమరి తమ్ముడుగోరు ఒస్తే సెరుకు పిప్పెట్టినా బంగారం అనేసి ఎల్లిపోతారు. నాకేటి సరదా? ఇయ్యేళ తమరు ఒచ్చినారు. తినండి."

అతని వెనక, పొయ్యి పక్కన, మూత లేని ప్లాస్టిక్ డబ్బా కనబడింది. అందులో తెల్లటి పొడి. పిల్లలు నా నోటికేసి చూస్తున్నారు. ఉమాదేవి కూడా చూస్తోంది.

"ఆ డబ్బాలో ఏటి సూరయ్యా?" అన్నాను.

"సున్నం బాబూ. పాకం మురికి తేలడానికి."

ఒక్కసారి అడిగాను. అది వర్తకం. రెండోసారి అడగబోయి నోరు మూసుకున్నాను. అది రోగం. ముద్ద నోట్లో వేసుకున్నాను. కాలింది. తియ్యగా కరిగింది. దడ మొదలైంది, మొదలవనిచ్చాను. ఆ దడలోనే నాలుక అంచున చిన్న చురక తగిలింది.

"సూరయ్యా, ఈ సెరుకు కాలవ కింద మడిది కాదు. ఉప్పు కయ్యది కలిపినావు."

సూరయ్య నోరు తెరిచి, తరవాత పగలబడి నవ్వాడు. "సచ్చిపోయాను! కొంచెమే బాబూ, సివరి మడిది. ధర తగ్గించుకుందాం లెండి. ఒరే, పంచండర్రా!"

పిల్లలు పెనం మీద పడ్డారు. ఉమాదేవి బెల్లం పొట్లం కట్టించుకుని నా పక్కకు వచ్చింది.

"బెల్లం తిన్నారు, బాగానే ఉంది. మీ యాపారం మీరు సేసుకున్నారు. నాది ఉంది ఇంకాను," అంది.

బాబూరావు ఇంట్లో పీట వేసింది. కంచంలో పఖాళ. రాత్రి అన్నం నీళ్ళలో నానబెట్టి, పులిసినాక పెరుగు కలిపి, మామిడికాయ ముక్క, నిమ్మాకు నలిపి వేసినది. పక్కన వేయించిన వడియాలు, వంకాయ. నా భయాల పట్టీలో అన్నిటికంటే పై మెట్టు అదే. పులుపు, వాసన, రాత్రంతా ఎవరి కాపలా లేకుండా ఉన్న కుండ. అది నాకు అన్నిటికంటే భయమని ఆమెకు తెలుసు. కావాలనే పెట్టింది.

బాబూరావు భార్య గౌరి గుమ్మం దగ్గర నిలబడి, "ఎండలకి సలవ, తినండి అన్నియ్యా," అంది.

ఉమాదేవి నా ఎదురుగా కూర్చుంది. కూర్చోగానే ఆమె చెయ్యి తెలియకుండానే నా కంచంలోకి వచ్చింది. ఆ రోజుల అలవాటు. ఆమె వేళ్ళు అన్నాన్ని తాకకముందే నేను కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు," అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను వంగి వాసన చూడబోతున్న మెడను నిలబెట్టి, ముద్ద తీసుకుని తిన్నాను. పుల్లగా ఉంది. చేదేమో అనిపించింది, నిమ్మాకు అయి ఉండవచ్చు, కాకపోవచ్చు. తేల్చుకోలేదు. ఇంకో ముద్ద తిన్నాను. గుండె పీట కింద నుంచి కొట్టుకుంటున్నట్టుంది. కంచం సగమయ్యేసరికి చెమట కళ్ళలోకి కారింది. గౌరి ఫాను వేగం పెంచింది, ఎండ అనుకుని.

అప్పుడు ఉమాదేవి అడిగింది: "ఉప్పు సరిపోయిందా?"

పెళ్ళైన నాటి నుంచి ప్రతి పూటా అడిగిన మాట. ఏడాదిగా అడగనిది.

"టికె తక్కువ," అన్నాను.

"తక్కువా! ఏడాది ఎండి ఎండి ఒచ్చి, తొలి పూటే వంక పెడతన్నారా? సూడు ఒదినా ఈయన్ని!" అంది. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉప్పు తెచ్చి తనే వేసింది. ఆ చెయ్యి వేసిన ఉప్పు కలుపుకుని కంచం ఖాళీ చేశాను.

సాయంత్రం రైలుకి ఇద్దరం బరంపురం వచ్చాం.

ఇప్పటి లెక్క ఇది. భయం పూర్తిగా పోలేదు. కొత్త ఊళ్ళో పెళ్ళి భోజనానికి కూర్చుంటే ఇప్పటికీ అరిచేతులు తడుస్తాయి, తింటాను గాని రుచి తెలియదు. మాత్రలు తగ్గాయి, ఆగలేదు. ఉప్పు సరుకు వల్ల తప్పుకున్న ఇద్దరు ముగ్గురు పాత ఖాతాదారులు తిరిగి రాలేదు, రారు. వాటిని పోయిన పద్దులో వేశాను.

వచ్చినది ఒకటుంది. ఇంతకు ముందు మా ఇంట్లో నేను తిన్నాక ఉమాదేవి తినేది. నా భయం రోజుల్లో నాకంటే ముందు తినేది. ఇప్పుడు ఆమె రెండు కంచాలు పక్కపక్కన పెడుతుంది. ముందు ఎవరు అని ఎవరం చూడం, ఇద్దరం కలిసే తింటాం. పాతికేళ్ళలో ఎప్పుడూ లేని ఈ లాభం ఈ ఏడాదే చేతికి వచ్చింది.